చివరికి నెట్టిన పేపరు

ఆ ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఆవిడను అందరూ లిఫ్టక్క అనేవారు. పొద్దున్నే ఏడింటికి వచ్చి, చెప్పులు పక్కన విడిచి, ఎవరినీ ఎక్కించుకోకుండా లిఫ్టును ఒకసారి ఖాళీగా పైదాకా తీసుకెళ్లి కిందికి తెచ్చేది. ఒక్కో అంతస్తు దగ్గరా ఇనప జాలీ తలుపు తీసి, "దేవుడా, ఇక్కడున్నవాళ్లని చల్లగా చూడు" అని మనసులో అనుకుని మూసేది. ఆరు అంతస్తులకీ ఆరు దణ్ణాలు. కింద నిలబడ్డ నర్సులు ఆలస్యమవుతోందని గొణిగితే, "ఒక్క నిమిషం తల్లీ, పైవాడికి కబురు చెప్పొస్తున్నా" అనేది.

ఇప్పుడా లిఫ్టు లేదు. మీట నొక్కితే దానంతటదే పోయేవి వచ్చాయి. అప్పటివాళ్లు ఎక్కడ కలిసినా మాత్రం లిఫ్టక్క మాటే ముందొస్తుంది. రిపోర్టు కవరు పట్టుకున్న చేతిని చూసి, ఎవరిని పలకరించాలో, ఎవరి జోలికి పోకూడదో ఆవిడకు తెలిసిపోయేది. మోకాళ్లనొప్పులవాళ్లకి తన స్టూలు ఇచ్చేసి తాను నిలబడేది.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన లిఫ్టెక్కి, ఏ అంతస్తులోనూ దిగలేదు. ఆయన భార్య అయిదో అంతస్తులో స్పృహ లేకుండా ఉంది. లిఫ్టక్క ఎక్కడికని అడగలేదు. స్టూలు ఆయన వైపు జరిపి, వచ్చేపోయేవాళ్లని చేరవేస్తూనే ఉంది. లిఫ్టు ఎనిమిదిసార్లు పైకీ కిందికీ తిరిగాక ఆయనే, "అయిదులో ఆపమ్మా, ఇక వెళ్లి చూస్తాను" అన్నాడు.

ఇదంతా రెండుసార్లు అదే లిఫ్టులో వెళ్తూ గమనించింది నాలుగో అంతస్తు డాక్టరమ్మ, మనసుకి వైద్యం చేసే ఆవిడ.

"ఆయన్ని మాట్లాడించలేదేం?" అని అడిగింది.

"మాట్లాడించకూడదనిపించిందండీ. ఎందుకో తెలీదు."

"ఎందుకో తెలుసుకోవాలనుందా? సైకాలజీ అని దానికో డిగ్రీ ఉంది. ఇంటర్ చదివావుగా, సాయంత్రం కాలేజీలో చేరు."

ఆ 'ఎందుకో' లిఫ్టక్కను నిద్రపోనివ్వలేదు. నలభై రెండో ఏట, దణ్ణం పెట్టుకుని మరీ దరఖాస్తు తెచ్చుకుంది. మూడేళ్లు, పద్దెనిమిది పేపర్లు. ఏది ఎప్పుడు చదువుతారో ముందే వరస రాసివ్వాలి. పాత క్యాలెండరు వెనక గీతలు గీసి కూర్చుంది. పైకి వెళ్లేవాళ్లందరినీ దించాకే బేస్‌మెంటుకు పోవాలన్నది లిఫ్టులో ఇరవయ్యేళ్ల పద్ధతి. ఈ పనీ అలాగే చేసింది. పిల్లల మనసు, జ్ఞాపకం, కోపతాపాలు అన్నీ ముందు. స్టాటిస్టిక్స్ అనే లెక్కల పేపరు మూడో ఏడాది అట్టడుగున.

పుస్తకాలు బైండు చేసే భర్త తొంగి చూసి, "ముందు తీపంతా తినేసి చివర్న మందు తాగుతానన్నట్టుంది" అన్నాడు.

"మందు చివరే కదా తాగాలి," అంది ఆవిడ.

కాలేజీ గుమాస్తా ఆ కాగితం చూసి, జారిన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "అమ్మా, గోడలు లేకుండా కప్పు వేశారు. జ్ఞాపకం పేపరంతా ప్రయోగాలే. యాభైమందిని పరీక్షించి, సగటు కట్టి, తేడా నిజమో కాదో లెక్కతేల్చాలి. మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ పాసైతేనే మిగతావాటికి కూర్చోనిస్తారు. శుక్రవారంలోగా మార్చి తెండి, లేదంటే మళ్లీ వచ్చే ఏడాదే." ఆవిడ ముఖం చూసి జేబులోంచి తన పెన్సిలు తీసిచ్చాడు. "ఈసారి దీంతో రాయండి. తుడుచుకోవచ్చు."

పదో తరగతి లెక్కలు ఆవిడ మూడుసార్లు రాసింది. మూడోసారి ముప్పై అయిదొచ్చి గట్టెక్కింది. పెళ్లయిన కొత్తలో ఆ మార్కుల కాగితం ఆడపడుచు కంటపడింది. అంతే, పద్దెనిమిదేళ్లుగా అదే పేరు. "ముప్పై అయిదు వదినా, కుక్కరు మూడు విజిళ్లు లెక్కపెట్టగలవా, నన్ను రమ్మంటావా?" అంటే ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. నవ్వింది గానీ, ఆ అమ్మాయిని టైమెంతని కూడా ఏనాడూ అడగలేదు.

ఆ ఆడపడుచే అదే ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. రోజంతా కణాలు లెక్కపెట్టడం, సగటు కట్టడం దానికి నీళ్లు తాగినంత పని.

"మా చెల్లినే అడగరాదూ?" అన్నాడు భర్త బుధవారం రాత్రి.

"అడిగితే ఇంకో పద్దెనిమిదేళ్లకి సరిపడా నవ్వుకుంటుంది. చదువు లేకపోతే లిఫ్టేమైనా ఆగిపోతుందా?" అంటూ క్యాలెండరు మడిచి బీరువా మీద పెట్టేసింది.

గురువారం పొద్దున్న ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి చక్రాల కుర్చీలో భార్య ఉంది, ఇంటికి తీసుకెళ్తున్నాడు. "ఆ రోజు నన్నేమీ అడక్కుండా వదిలేశావు చూడు తల్లీ, అది మరిచిపోలేదు" అన్నాడు. లిఫ్టక్క జాలీ తలుపు తీసి, కుర్చీ బయటికి వెళ్లేదాకా పట్టుకుంది. ఆ 'ఎందుకో' మళ్లీ మొదలైంది.

భోజనాలవేళ ఇంటికెళ్లి క్యాలెండరు తెచ్చుకుని, తిన్నగా ల్యాబుకు నడిచింది.

"ఏంటి వదినా, రక్తమివ్వడానికొచ్చావా?" అంది ఆడపడుచు, టిఫిను డబ్బా మూత తీస్తూ.

"ఉన్నదంతా ఎప్పుడో పీల్చేశావుగా. ఇది చూడు."

ఆడపడుచు క్యాలెండరు తిప్పి, వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివింది. అట్టడుగు గడి దగ్గర వేలు ఆగింది. టిఫిను డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

లిఫ్టక్క పెన్నుతో రాసిన పాత గడులన్నీ కొట్టేసి, పక్కన కొత్తవి గీసి, గుమాస్తా ఇచ్చిన పెన్సిలుతో స్టాటిస్టిక్స్‌ను మొట్టమొదటి గడిలో రాసింది. పెన్సిలు పక్కన పెట్టి, ఆడపడుచు ముఖంలోకి చూసింది.

"అమ్మాయ్, రోజూ ఈ వేళకి ఒక అరగంట నాకివ్వు. దశాంశాల దగ్గర్నుంచి చెప్పాలి. అడిగిందే పదిసార్లు అడుగుతాను, విసుక్కోకు. నవ్వొస్తే నవ్వుకో, కాదనను. పాఠం అయ్యాక మాత్రం నవ్వు."