తెగిన రేకు

ఇర్వింగ్ చుట్టుపక్కల మనవాళ్ల ఫంక్షన్లలో ఏ స్టేజీ తెర చూసినా డిజైన్ నాదే. ఇక దయ్యాలంటారా, ఆ కబుర్లు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు సరదా. నమ్మడం మాత్రం ఏనాడూ లేదు.

రిటైరయ్యాక నాకు కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం నేర్పింది నా స్నేహితుడు ప్రకాశం. పక్క అపార్ట్‌మెంటే. సాయంత్రం టీ మా ఇంట్లోనే. తెలుగు సంఘం వాళ్ల హాలుకి తెర కావాలంటే ఇద్దరం ఒప్పుకున్నాం. ఎర్ర పువ్వులు నావి, తీగలు ఆయనవి. ఎవరి చదరం వాళ్లు గీసి, ఒకదాని మీద ఒకటి పరచాలని మాట.

ఒక చదరాన్నే పక్కపక్కన పేర్చుకుంటూ పోతే తెరంతా నిండుతుంది. అందుకని కుడి అంచు దాటిన ముక్కని ఎడమ అంచులో మళ్లీ పెట్టాలి. నేను మరిచిపోయాను. అతుకు దగ్గర పువ్వు రేకు సగానికి తెగింది. అది నేను చూసుకోలేదు కూడా.

ఆ ఫైలు నా కంప్యూటర్ దాటలేదు. దానికి ఇంటర్నెట్ లేదు. వైరస్‌లొస్తాయని నేనే పీకేశాను.

ప్రకాశం విమానమెక్కి క్యారీ ఊళ్లో కూతురింటికి వెళ్లి, తీగలు అక్కడే గీసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఎడమ అంచున తీగల మధ్య ఖాళీలో, దేనికీ అంటుకోకుండా, ఎర్రగా ఒక అర రేకు. అదేమిటని అడిగితే, "ఏమో బావా, చెయ్యి అలా పోయింది" అన్నాడు.

రెండు చదరాలూ మూలకి మూల కలిపి ఒకదాని మీద ఒకటి పరిచాం. స్క్రీన్ నిండా పువ్వులు, ఒక్కటీ తెగలేదు. అదే వంపు, అదే ఎరుపు. నా రేకులో గీసిన సన్నటి ఈనె కూడా ఆయన ముక్కలోకి సాగింది. ఆయన పొర తీసేసి చూస్తేనే నా తప్పు బయటపడింది.

ఒళ్లు జలదరించింది. వెంటనే మండింది కూడా. మేం ఇండియా వెళ్లినప్పుడు మొక్కలకి నీళ్లు పోయమని ఆయనకి తాళంచెవి ఇచ్చాం. దొంగచాటుగా వచ్చి నా ఫైలు చూశాడు, తప్పు నాకు చెప్పకుండా తన పొరతో దిద్ది పేరు కొట్టేద్దామనుకున్నాడు అనిపించింది. మొహం మీదే అనేశాను. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత గుర్తు చేసుకుంటే, నేను పువ్వు మొదలుపెట్టేసరికే ఆయన క్యారీలో ఉన్నాడు. తిరిగొచ్చింది ఆ గొడవ రోజే. ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా మా ఇంటికి డ్రైవ్ చేసి తెచ్చింది నేనే.

మొదట్లో కాస్త పెంచి చెప్పాను. నేను డిజైన్ చేసిన తెర ఇదొక్కటే, అదీ అచ్చవలేదు. ఆ రేకు అక్కడికెలా వచ్చిందో మాత్రం ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఆ రోజు నుంచి ప్రకాశం మా గడప తొక్కలేదు. అంత స్నేహాన్నీ ఒక్క మాటకి వదిలేసుకున్నాడే అన్న బాధ ఇంకా పోలేదు.

ఇదంతా చదివి మా ఆవిడ అంది: "ప్రకాశంగారు రెండుమూడుసార్లు వచ్చి బెల్ కొట్టారు. తలుపు తియ్యొద్దని నా చెయ్యి పట్టుకుంది మీరే."