రెండు చేతుల పొట్లం

"...ఎడమ చేత్తోని పసుపు ఇత్తవా? మా బిడ్డ పెండ్లికి తీస్కపోతాన నేను!"

వర్ధన్నపేట నుంచి వచ్చిన బక్కమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. పొట్లం దుకాణం బల్ల మీద పడింది.

"మర్సిపోయిన బక్కమ్మా, తప్పయింది" అన్నాడు సారంగపాణి.

"మరుస్తరా? బువ్వ ఏ చేత్తోని తింటరో గది గూడ మరుస్తరా?"

ఆయనకు ఇప్పుడు భార్య రాజేశ్వరి తినిపిస్తోంది.

వరంగల్ చౌరస్తా పక్క సందులో ఆ కిరాణా దుకాణం ఆయనే పెట్టాడు. ఎడమ చేత్తో కాగితం చుట్టి, కుడి చేత్తో పైన వేలాడే ఉండ నుంచి దారం లాగి, రెండు చేతులూ ఒక్కసారి విదిలిస్తే దారం తెగేది. చూపు మాత్రం ఎదుటి మనిషి మీదే ఉండేది. పంతొమ్మిది వందల అరవై రెండు వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. దవాఖాన నుంచి వచ్చాక తమ్ముడు రాంచందర్ గద్దె మీద కూర్చోబోతే ఒప్పుకోలేదు.

"పొట్లం కట్టుడు చాతగాకుంటె అప్పుడు లేస్త తియ్" అన్నాడు.

కాగితం మీద తూకపు రాయి పెట్టి, దారం కొసను బల్లకు కొట్టిన మేకుకు తగిలించి, ఎడమ చేత్తోనే కట్టడం నేర్చుకున్నాడు. ముడి బిగువుగానే వచ్చేది. కట్టింది బల్ల మీద పెడితే కొన్నవాళ్లు తీసుకునేవారు. ఇవాళ బక్కమ్మ చెయ్యి చాపింది. ఆయన అందించాడు. ఒళ్లో ఉన్న కుడి చెయ్యి బల్ల అవతలికి కనిపించదు.

"జర ఆగు" అని వేరే పొట్లం కట్టాడు. కుడి చేతిని ఎడమ చేత్తో లేపి బల్ల మీద పెట్టి, అరచేతిలో పొట్లం ఉంచాడు. కింది నుంచి ఎడమ చెయ్యి ఆనించి, రెండూ కలిపి ముందుకు చాపాడు.

"రెండు చేతుల్తోని ఇస్తాన. తీస్కో."

వేళ్లు ముడుచుకోలేదు. పొట్లం జారి మెట్టు మీద పడి చినిగింది. పసుపు బక్కమ్మ కాళ్ల మీద చిమ్మింది.

"అయ్యో సావుకారీ, చెయ్యి పడిపోయిందా! నాకేమెరుక? ఎట్లున్నోనివి ఎట్లయితివి!" బక్కమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆమె తిడుతున్నంతసేపూ వంగని సారంగపాణి తల అప్పుడు వంగింది.

రాంచందర్ వచ్చి ఇంకో పొట్లం కట్టాడు. ముడి వదులుగా ఉంది. మూల నుంచి పసుపు రాలుతోంది. కుడి చేత్తో ఇచ్చాడు. బక్కమ్మ దాన్ని కళ్లకద్దుకొని వెళ్లిపోయింది.

సారంగపాణి కుడి చేతిని మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. రాంచందర్ అన్న వైపు చూడలేదు. లోపలి గడపలో నిలబడిన రాజేశ్వరి వైపు తిరిగాడు.

"వదినా, రేపటి సంది గద్దె మీద నేను కూసుంట. అన్నను లోపల్నే ఉంచు."