జెండాలో పూలరేకులు తప్ప ఏమీ ఉండకూడదు

...ఆఁ, సారీ పద్మక్కా, రిపబ్లిక్ డే నాడు మా కాలనీలో ఏం జరిగిందో చెప్తా చెప్తా అని ఇప్పటిదాకా చెప్పలా. కళ్ళమంట తగ్గితే కదా! నరసరావుపేటంతా నన్ను పొగుడతంది. నాకేమో తలెత్తుకోబుద్ధి కావట్లా.

కిందటేడు సెక్రటరీగా మా ఎదురింటి కోటేశ్వరరావు బాబాయి ఉన్నాడు. జెండా తలకిందులు కట్టాడు. పచ్చ పైన, కాషాయం కింద! పైగా లోపల చమ్కీ కాయితాలు. మీటింగులో లేచి దులిపేశా. "అయితే నువ్వే చెయ్యమ్మా" అని నన్ను సెక్రటరీ చేశారు. బాబాయి ఊరుకుంటాడా? "సరే తల్లీ, నీ జెండాలో తేడా వస్తే మాత్రం కుర్చీ మళ్ళీ నాదే" అన్నాడు. అందరూ చప్పట్లు!

ఇంక చూస్కో, కాలనీ గ్రూపులో రోజూ నా వాయిస్ మెసేజులే. జనవరిలో జెండా పైనే కట్టి ఉంచాలి, తాడు లాగి విప్పాలి. ఆగస్టులో అయితే కిందనుంచి పైకి ఎగరెయ్యాలి. నేలకి తగలకూడదు. లోపల పూలరేకులు తప్ప పూచికపుల్ల కూడా ఉండకూడదు. జాతీయగీతమప్పుడు చెయ్యి కదిపితే ఊరుకోను!

ఆ పొద్దున బంతిరేకులు, గులాబీరేకులు తుంచి వరండాలో ఉన్న ఎర్ర బేసిన్లో పోశా. జెండాలో పెట్టి మడిచి, ముడి కూడా నేనే వేశా.

చీఫ్ గెస్టు రిటైరైన తాసిల్దారు గారు. తాడు లాగాడు. సర్రున విచ్చుకుంది! కాషాయం పైన, పచ్చ కింద. బాబాయి వంక ఒక చూపు చూశా. రేకులు జలజలా రాలతన్నాయి, తాసిల్దారు గారు నోరు తెరుచుకుని పైకే చూస్తన్నాడు. జనగణమన మొదలైంది. రెండో లైనుకే ఆయన కళ్ళల్లో ధారలు! బాబాయితో సహా ముందు వరసంతా ఏడుపే. అబ్బ, ఏం భక్తి అనుకున్నానా, అంతలో నాకూ ముక్కుకెక్కింది. ఒకరు హాచ్! ఇంకొకరు హాచ్! ఒక్కరు చెయ్యి కదిపితే ఒట్టు.

గీతం అయిందో లేదో మా అత్తయ్య చెవిలో, "ఏమే, రేకులు దేంట్లో పోశావే?"

"ఎర్ర బేసిన్లో అత్తయ్యా."

"నీ మొహం మండ! నిన్న మరపట్టించిన కారం తెచ్చింది అందులోనే. ఇంకా కడగలా!"

నా ప్రాణం పోయింది. అటు చూస్తే బాబాయి ఒక రేకు తీసి నాలిక్కి తగిలిస్తన్నాడు!

"ఏందమ్మాయ్, దేశభక్తి కాస్త ఘాటుగా ఉందే?"

"రేకులే బాబాయ్" అన్నా.

మైకు తీసుకుందామని లేచాడక్కా! అంతలో తాసిల్దారు గారు అడ్డమొచ్చి, "జెండా చూసి ఇంతగా ఏడ్చిన మనిషిని నా సర్వీసులో చూళ్ళేదు" అని తనకి కప్పిన శాలువా తీసి బాబాయి భుజాల మీద కప్పేశాడు. ఫొటోలు!

బాబాయి నా వంక చూశాడు, శాలువా వంక చూశాడు. మైకులో ఏమన్నాడో తెలుసా? "చిన్నప్పట్నుంచీ అంతేనండీ నేను. జెండా కనపడితే ఆగదు."

కుర్చీ నిలబడింది. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పమాక. ఆ జనం మొత్తంలో నిజంగా ఏడ్చింది నేనొక్కదాన్నే అక్కా. అదీ దేశం కోసం కాదు, కుర్చీ పోద్దని! ఇంకా విను, మర్నాడు... ఆఁ, వస్తన్నా అత్తయ్యా! ఉండక్కా, పిలుస్తం–