హీరో బంతి, ఈశ్వర్ చేతులు

హైటెక్ సిటీ ఉద్యోగాలు ఊపందుకున్న ఆ ఏళ్లలో మోతీనగర్ స్పోర్టింగ్ ఫుట్‌బాల్ జట్టు గెలవడమే మరచిపోయింది. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే కాల్ సెంటర్లలో చేరిపోయారు. ఈ ఆదివారం కూడా ఓడితే జట్టు లీగ్‌లోంచి బయటికే. కుర్రతనం నుంచి ఆ జట్టు వెంటే తిరిగిన సినిమా లైట్‌మన్ పోచయ్యకు అదే బెంగ.

శుక్రవారం ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్. హీరో చేతిలో ఓడే జట్టుగా వేషం కట్టింది మోతీనగర్ వాళ్లే. గోల్‌కీపర్ ఈశ్వర్ ప్రతిసారీ ఎడమకు దూకాలి, హీరో బంతి కుడివైపు నుంచి గోల్‌లోకి పోవాలి. హీరో గురి తప్పినకొద్దీ టేకులు పెరిగాయి. ఈశ్వర్ తప్పుగా దూకినప్పుడల్లా, అక్కడే లైటు పట్టుకున్న పోచయ్య మొహం తిప్పుకున్నాడు.

"గిట్ల దుంకుడే అలవాటైతే ఆదివారం ఏంది బిడ్డా?" అన్నాడు విరామంలో.

"ఫికర్ చెయ్యకు కాకా. గిది యాక్టింగే గదా!"

"రెండేండ్ల సంది గ్రౌండ్ల మీరు చేస్తున్నది గూడ గదే గదరా!"

ఈశ్వర్ గ్లవ్స్ బిగించుకుని గోల్ ముందుకు నడిచాడు.

మళ్లీ టేకు. ఈసారి హీరో బంతిని చక్కగా తన్నాడు. ఈశ్వర్ ఎడమకు ఒరిగినట్టే ఒరిగి, కుడికి ఎగిరి పట్టేశాడు.

"కట్! ఏంటయ్యా, హీరో గోలే ఆపేస్తావా?" డైరెక్టర్ అరిచాడు.

"చేతులు ఆగలే సార్."

పోచయ్య లైటు వదిలేసి చప్పట్లు కొట్టాడు. యూనిట్ అంతా తిరిగి చూసింది. ఆయన మాత్రం ఈశ్వర్‌కు కేకేశాడు.

"గీడ వదిలెయ్ బిడ్డా! ఆదివారం నాడు గట్లనే పట్టాలె!"