జింకలు తినని ఆకు

అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్లో మా ఇంటి వెనక వాన నీళ్లు నిలిచే గుంట ఉంది. దాని గట్టున ఒక హాలీ చెట్టు. బురదనేలలో కూడా హాయిగా పెరిగే రకం. ఆ ఆకుతో పూర్వం ఇక్కడివాళ్లు టీ కాచుకునేవారని మొక్కలమ్మే చోట ఎవరో చెప్పారు. ఇక మావారు ఆగలేదు.

రోజూ పొద్దున్నే వంటింటి కత్తెర, స్టీలు గిన్నె పట్టుకుని గట్టుకు వెళ్లేవారు. తినకూడని దాని ఎర్రటి పండ్ల జోలికి పోకుండా ఆకులు మాత్రమే తెచ్చి, ఓవెన్‌లో వేడిచేసి, మరిగించి నాకొక కప్పు ఇచ్చేవారు.

"ఎలా ఉంది?"

"గోంగూర కడిగిన నీళ్లలా ఉంది."

"నీకింకా టేస్ట్ డెవలప్ కాలేదు," అని తన కప్పు ఖాళీ చేసేవారు.

రెండు నెలలకు కాలనీ అసోసియేషన్ నుంచి అందరికీ ఈమెయిల్ వచ్చింది. గట్టు మీది హాలీని జింకలు ఏడడుగుల ఎత్తు దాకా మేసేశాయట. చెట్టు చుట్టూ కంచె వేయాలి, మీటింగ్‌కు రమ్మని.

పదేళ్ల మా అమ్మాయి అది చదివి తండ్రి వంక చూసింది. "నాన్నా, ఆ డీర్ నువ్వే కదా?"

"నేను ఏడడుగులు లేను."

"హ్యాండ్స్ పైకి పెడితే ఉంటావ్."

మీటింగ్‌లో ప్రెసిడెంటు కొమ్మల ఫొటోలు చూపిస్తూ, జింక పళ్ల గాట్లు ఎంత నున్నగా ఉన్నాయో వివరించింది. నేను తల దించుకున్నాను. మావారు లేచి నిలబడి, జింకలు కాదు, తానేనని ఇంగ్లిషులో ఒప్పుకున్నారు.

ఆవిడ ఫొటోలు పక్కన పెట్టింది. "మీరు తిన్నారా?" అని మెల్లగా అడిగింది.

"లేదు. తాగాను."

వెనక వరసలో ఒక ముసలాయన పగలబడి నవ్వాడు. సముద్రం దగ్గర ఊళ్లో పెరిగాడట, వాళ్ల నాయనమ్మ ఇదే ఆకు కాచేదట. "ఎంతసేపు వేయిస్తున్నావు?" అని అడిగాడు.

"ఐదు నిమిషాలు."

"అది వేయించడం కాదు, ఆకును భయపెట్టడం."

కంచె మాట పోయింది. చెట్టు మళ్లీ చిగిర్చేదాకా ముట్టనని మావారు అందరి ముందూ మాట ఇచ్చారు. ఆ శనివారం ముసలాయన మా వంటింటికి వచ్చి, గిన్నెలో మిగిలిన ఆకులను గోధుమరంగు వచ్చేదాకా ఓపిగ్గా వేయించాడు. ఇల్లంతా కమ్మటి వాసన. నేను తాగి, ఇంకో కప్పు అడిగాను.

మావారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.