వైఫైకి పెట్టిన మాట

తమిళనాడు ధర్మపురిలో, బస్టాండు వెనక మాకొక బ్రౌజింగ్ సెంటర్ ఉండేది. పేరుకు మా ఆయనది, పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని నడుం విరగ్గొట్టుకున్నది నేను. రెండువేల తొమ్మిది ప్రాంతంలో కాలేజీ పిల్లలు సొంత ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోవడం మొదలైంది. వాళ్ళకు మా కంప్యూటర్లు అక్కర్లేదు, నెట్ చాలు. అందుకని ఇంజనీరింగ్ చదివే మా మరిది రెండు కొమ్ముల పెట్టె ఒకటి తెచ్చి గోడకు బిగించాడు. దాన్ని రౌటర్ అంటారనీ, వైరులో వచ్చిన నెట్‌ను అది గాల్లోకి వదులుతుందనీ చెప్పాడు. తాలింపు ఘాటు పక్కింటికి పోయినట్టు అది కూడా గోడలు దాటి పోతుందట. ఎవరు పడితే వాళ్ళు వాడుకోకుండా తాళం వేయాలి. ఆ తాళమే పాస్‌వర్డ్.

అత్త పక్కనే కూర్చుని వక్క నములుతోంది.

"ఏం పెట్టేది మా?" అని ఆమెను అడిగాడు మరిది.

"మీ వదినను పిలిచే మాటే పెట్టు. మనకు మరిచిపోదు," అంది అత్త.

ఆ మాట గొడ్రాలు. నాకు పిల్లలు లేరని ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసింది. మరిది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూసి, "ఒకటి తగ్గతా ఉంది. ఎనిమిది ఉండాల్నంట," అని మధ్యలో ఇంకో 'ఏ' ఇరికించాడు. పెట్టె ఒప్పుకుంది. తల్లీ కొడుకూ నవ్వారు. మా ఆయన అక్కడే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

ఎందుకు నోరు తెరుస్తాడు? నిజం ఆయనకు తెలుసు. సేలంలో డాక్టరమ్మ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, లోపం ఆయనలోనే ఉందని చెప్పింది. తిరిగి వస్తూ, బస్సు నల్లంపల్లి దాటుతుండగా నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో చెప్పొద్దు, నా మానం పోతుంది," అన్నాడు. సరేనన్నాను. ఇంటికొచ్చాక లోపం నాదని వాళ్ళమ్మకు తనే చెప్పాడు.

పాస్‌వర్డ్ పెట్టిన రోజు నుంచి ఆ మాట పలకడం నా పనైంది. వచ్చేవాళ్ళంతా తమిళ పిల్లలు. "అక్కా, పాస్‌వర్డ్ ఎన్న?" అంటారు. జీ, ఓ, డీ అని ఒక్కో అక్షరం చెప్పేదాన్ని. వాళ్ళకు అర్థం తెలియదు, ఏ అమ్మవారి పేరో అనుకున్నారు. ఒకడైతే టైపు చేస్తూ దాన్ని పాటలా పాడుకున్నాడు. మార్చమని అడిగితే, "మారిస్తే అందరికీ మళ్ళా చెప్పాల గదా వదినా," అన్నాడు మరిది. మా ఆయన వాడినే అడగమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కూర్చున్నది నెట్ ముందే కదా, వెతికి చదివాను. వైఫైకి మాటలు రెండు. పాస్‌వర్డ్ అడిగినవాడికే చెప్పేది. నెట్‌వర్క్ పేరు అడగనివాడికీ కనిపిస్తుంది, దగ్గర్లో ఎవరు ల్యాప్‌టాప్ తెరిచి వెతికినా జాబితాలోకి వస్తుంది. ఈ రెండూ మార్చాలంటే రౌటర్ లోపలికి పోవాలి, దానికి వేరే తాళం ఉంటుంది. అంత తెలివైన మరిది దాన్ని కంపెనీ పెట్టినట్టే వదిలేశాడు. అది పెట్టె అడుగున అచ్చేసి ఉంది.

కొట్టు నిండా మనుషులున్న మధ్యాహ్నం చూసి పాస్‌వర్డ్ మార్చాను. చెయ్యి అక్కడ ఆగలేదు. పేరు గడిలో, ఊరందరికీ అర్థం కావాలని తమిళంలో, ఇంగ్లీషు అక్షరాలతోనే, "ఓనరుక్కు పుళ్ళ పొరక్కాదు" అని కొట్టాను. ఓనరుకు పిల్లలు పుట్టరు అని.

వైఫై మీద ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా నెట్ తెగింది. అందరూ జాబితా తెరిచారు. ఒకడు కిసుక్కుమన్నాడు, మిగతావాళ్ళు మా ఆయన ముఖం చూడకుండా తలలు దించుకున్నారు. ఆయన పోయి ఒక తెర మీదికి వంగి చదివి, నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఆ పేరు తీసేయి," అన్నాడు చిన్నగా.

"ఏ పేరు?"

"నీకు తెలీదా?"

"మరిచిపోయినాను. ఒక్కో అక్షరం చెప్పండి, చూసి తీసేస్తాను."

"అందరూ ఉండారు."

"నేను చెప్పేటప్పుడు కూడా అందరూ ఉండిరి."

ఓ అన్నాడు. డబ్ల్యూ అన్నాడు. చివరి బల్లకు వినబడలేదు, గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు, ఆఖరి అక్షరం దాకా. నాకు చాలా హాయిగా అనిపించింది. సాయంత్రం షట్టర్ దించేదాకా ఆ పేరు తియ్యలేదు.