ఏనుగుకు వేసిన చెప్పులు

మా డ్రాయింగు సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను మదనపల్లెలో నిచ్చెన మీద ఉన్నాను, ఎరువుల దుకాణానికి బోర్డు రాస్తూ. 'ఎరు' దాకా రాసి దిగిపోయాను. కుప్పం బస్సులో కూర్చున్నాక కూడా ఏడవాలో నవ్వాలో తేలలేదు. ఆయన్ను తలచుకుంటే ముందు నవ్వే వస్తుంది మరి.

పుంగనూరు బడిలో ఆయన దగ్గర చదివాను. చదివాను అనడం కొంచెం ఎక్కువే. పదో తరగతి రెండుసార్లు తప్పాను. అయినా ఈరోజు నేను తింటున్న అన్నం ఆయన నా చేయి పట్టుకుని దిద్దించిన గీతదే. ఏ వస్తువునైనా ఒక కన్ను మూసి చూసేవారు. హోటల్లో ఇడ్లీ పెట్టినా అంతే. "తినే ముందర దాని నీడ సూడప్పా" అనేవారు. సాంబారు బకెట్టు పట్టుకుని హోటలాయన నిలబడిపోయేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రిటైరై సొంతూరు కుప్పం వెళ్లే ముందు, పుంగనూరులోని పాత జమీందారీ బంగళాలో ఆయన మూడు రోజులు తను వేసిన బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. అక్కడ గోడ మీద వెనకటి కాలపు ఊరేగింపు బొమ్మ ఉంది. గార ఊడిపోయి ఏనుగుకు కాళ్లు లేవు. సారు దానికి ఎదురుగా అంతే పొడవు చెక్క నిలబెట్టి, తెల్లరంగు పూసి, గోడ మీద పోయినవి మాత్రమే దాని మీద వేశారు. ఏనుగు కాళ్లు నాలుగు, పల్లకీ మోసేవాడి భుజం ఒకటి. మిగతాదంతా ఖాళీ.

ఇదేం బొమ్మ సార్ అంటే, "గోడ సగం చెప్పి నిలిపేసిందప్పా. మిగిలింది నేను చెప్తాండా" అన్నారు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పైగా బోర్డులు రాసేవాడికి ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. రెండో రోజు పొద్దున్నే బంగళా తాళాలు చూసుకునే ఆయన్ను టీకి పంపి, ఆ నాలుగు కాళ్లకూ ఎర్ర పట్టీల హవాయి చెప్పులు తొడిగాను.

మధ్యాహ్నానికి జనం విరగబడ్డారు. పెద్దపంజాణి నుంచి కూడా వచ్చారు. చెప్పులు చూసి నవ్వి నవ్వి, ఏనుగు యాడుందని వెనక్కి తిరిగి గోడ చూశారు. మొదటి రోజు ఆ గోడను తలెత్తి చూసినవాడు లేడు.

సారు వచ్చి, ఒక కన్ను మూసి చాలాసేపు నిలబడ్డారు. తుడిచేద్దామా సార్ అని ఏమీ ఎరగనట్టు అడిగాను. "ఉండనీలే. జనం గోడను సూస్తాండారు గదా" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన ఎక్కడా బొమ్మలు పెట్టలేదు. అది నా వల్లేనా? ఊరందరినీ ఆటపట్టించే ఈ నోరు ఆ ఒక్కటీ ఇన్నేళ్లలో అడగలేకపోయింది.

కుప్పంలో అంతా అయిపోయాక సారు భార్య పక్కన కూర్చుని చెప్పేశాను. "ఆ చెప్పులు నేనే వేసినానమ్మా."

"తెలుసులేప్పా. బజార్లో చెప్పులంగడి బోర్డు మీద నువ్వేసినవీ అవే గదా" అన్నారామె. "ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం తినలా. మూడు దినాలు ఎవురితోనూ మాట్లాడలా. నాలుగో దినం ఉన్నట్టుండి ఒక్కరే నవ్వుకున్నారు. ఎందుకు నవ్వినారో నాకూ చెప్పలా."

ఆ మూడు రోజులు నావా, ఆ నవ్వు నాదా? ఇప్పటికీ తెలియదు. ఆమె లోపలికి వెళ్లారు. దండెం మీద సారు తెల్ల చొక్కా ఆరుతోంది. జేబు కింద ఉతికినా పోని రంగు మరక. దగ్గరికి వెళ్లి చూశాను. నీడలో ఆకుపచ్చగా ఉంది. గాలికి చొక్కా ఎండలోకి తిరిగితే నీలంగా ఉంది.